సీ డ్రైవు వెడల్పు పని

ఆదివారం గనికి సెలవు. బసవపున్నయ్య ఆ పూటకు రెండే పనులు పెట్టుకున్నాడు. ఇంట్లో కంప్యూటరుకు ఇరుకైపోయిన సీ డ్రైవును పెద్దది చేయడం ఒకటి, తర్వాత మేకమాంసం తినడం ఇంకొకటి.

"రూప్‌సింగ్ పదింటికి వస్తనన్నడు. ముందుగాల వాళ్లమ్మ ఫొటో సీడీకెక్కించరాదూ," అంది భార్య నాగలక్ష్మి వంటింట్లోంచి.

"ఎక్కిస్త లేవే. ఐదు నిమిషాల పని."

అది మామూలు ఫొటో కాదు. బసవపున్నయ్యతో గనిలో పనిచేసే రూప్‌సింగ్ తల్లి, టేకులపల్లి దగ్గరి తండాలో ఉండే పూలవ్వ డెబ్భై ఏళ్లలో ఒక్కసారే ఫొటో దిగింది. ఆమె భర్త ఫొటో దిగిన నెలకే పోయాడు. అందుకే, పింఛను కార్డు కోసం ఒక్కసారంటే ఒక్కసారేనని ఒట్టు వేయించుకుని మరీ కూర్చుంది. తీసింది బసవపున్నయ్యే. కంప్యూటరులోకి ఎక్కించాక, కెమెరాలో చోటు చాలక అందులోంచి చెరిపేశాడు కూడా. సోమవారం మండలాఫీసులో ఆ ఫొటో ఇవ్వకపోతే ఆమె పేరు పింఛను జాబితాలోంచి పోతుంది.

బసవపున్నయ్య ఇల్లందు బొగ్గుగనిలో పద్దెనిమిదేళ్లుగా షాట్‌ఫైరర్, మందుపెట్టి బొగ్గు పేల్చే మనిషి. బొగ్గు పేల్చే ముందు ఆ చోటి నుంచి మనుషుల్నీ సామాన్లనూ పక్క దారిలోకి పంపించడం ఆయన పని. ఇన్నేళ్లలో ఎవరికీ చిన్న గీత కూడా పడనివ్వలేదు. కంప్యూటరు అమ్మిన చందర్ ఫోన్లో "పక్కనున్న డీ డ్రైవు తీసేసి ఆ జాగా సీల కలుపు అన్నా," అని చెప్పి, అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ సీడీ కూడా పంపాడు. అయితే వెడల్పయ్యేది సీ. గనిలో ఏ దారిని వెడల్పు చేస్తే ఆ దారినే ఖాళీ చేయాలి. కనుక బసవపున్నయ్య సీలో ఉన్న ఫొటోలన్నిటినీ జాగ్రత్తగా డీలోకి తరలించాడు. ఏదీ మిగల్లేదని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ఆ తర్వాత చందర్ చెప్పినట్టే డీని తీసేశాడు.

సీ పెద్దదైంది. విశాలంగా ఉంది. ఫొటోలు మాత్రం లేవు.

"కలిపినంక ఇంక దొరకయన్నా," అన్నాడు చందర్ ఫోన్లో.

అంతలో రూప్‌సింగ్ గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నా, అమ్మ ఫొటో?"

"ఆ ఫొటో నడవదు రూప్‌సింగ్. కొత్త రూలు వచ్చింది. ఎనక తెల్లబట్ట ఉండాలంట." ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో బసవపున్నయ్యకే తెలియదు.

"మల్ల కూసోమంటే అమ్మ భయపడతదన్నా."

"నువ్వే జెర చెప్పి చూడు."

రూప్‌సింగ్ నమ్మాడు. గనిలో బసవపున్నయ్య 'జరుగు' అంటే ఎందుకని ఒక్కనాడూ అడగకుండా జరిగిన మనిషి. పైగా తోటివాళ్లు నష్టపోకూడదని క్వార్టర్ల లైనంతా ఈ రూలు సంగతి చెప్పి మరీ, తల్లిని తీసుకురావడానికి మోటారు సైకిలెక్కాడు. పదకొండు గంటలకల్లా ఐదుగురు ముసలివాళ్లు పింఛను ఫొటో దిగడానికి బసవపున్నయ్య వాకిట్లో చేరారు. ఒకాయన గడ్డం గీయించుకుని వచ్చాడు. వాళ్లలో సైదమ్మ నిన్న స్టూడియోలో తీయించుకున్న ఫొటోలు చింపేసి మరీ వచ్చింది. నాగలక్ష్మి పాపం, తెల్ల దుప్పటి తీసి గోడకు కట్టింది.

ట్యూషన్ నుంచి వచ్చిన కూతురు దుర్గ కంప్యూటరు చూసి సంగతంతా రాబట్టింది.

"బాపూ, ఫొటోలు డీలకు పంపినప్పుడే సీ ఖాళీ అయింది గదా. ఇంక డీని తీసుడెందుకు?"

బసవపున్నయ్య తల గోడకేసి కొట్టుకుందామనుకున్నాడు. గోడకు దుప్పటి ఉంది.

మధ్యాహ్నానికి పూలవ్వ కొడుకు మోటారు సైకిలు దిగింది. అద్దాల లంగా, చేతుల నిండా గాజులు, మొహం నిండా భయం. "బిడ్డా, రెండోసారి దిగితె నేను బతుకుతనా?" అని అడిగింది.

బసవపున్నయ్యకు ఇక తట్టుకోవడం చేతకాలేదు. "అవ్వా, రూలు లేదు, ఏం లేదు. నీ ఫొటో నేనే పోగొట్టిన. సిగ్గయి అబద్ధమాడిన."

సైదమ్మ చింపిన ఫొటోలు తలుచుకుని అరుగు మీద కూలబడింది. "నాతోనన్న చెప్పకపోతివన్నా," అన్నాడు రూప్‌సింగ్.

పూలవ్వ మాత్రం ఆలోచనలో పడింది. "అంటే ఆ ఫొటో ఇంక యాడా లేదా?"

"యాడా లేదవ్వా."

"కాగితం మీద గూడ?"

"లేదు."

"గట్లయితె నేను ఫొటో దిగనట్టే గదా. నా ఒక్కసారి నాకే ఉన్నది." ఆమె మొహం విప్పారింది. వెళ్లి దుప్పటి ముందు కూర్చుంది. "మొన్న పాతబట్టలల్ల తీసినవ్. ఇయ్యాల మంచిగ తియ్యి."

బసవపున్నయ్య తీశాడు. మళ్లీ నొక్కబోతుంటే ‘ఒక్కసారే’ అంటూ రూప్‌సింగ్ కెమెరా లాక్కుని దుర్గ చేతికిచ్చాడు.

దుర్గ ఆ ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించబోతుంటే, "అన్నా, నువ్వు జెర అవతలికి జరుగు," అన్నాడు రూప్‌సింగ్.

బసవపున్నయ్య ఎందుకని అడగకుండా జరిగాడు.