అమ్మాయి పడిన ఉదయం

ఆ ఉదయం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకంలో ఏ లోపమూ లేదు, అందులో ఆయన ఉండటం తప్ప.

ఆయనది కళ్ళజోళ్ళ షాపు. కూతురు ఆస్పత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ చేస్తుంది. ఎనిమిదింటికి డ్యూటీ దిగి, బస్సెక్కి నేరుగా డ్రైవింగ్ టెస్టు పెట్టే మైదానానికి వెళ్తుంది. మెకానిక్ ఎనిమిదింటికి ఇంటికొచ్చి ఆమె బండిని అక్కడికి చేరుస్తాడు. ఇదీ ఆమె ఏర్పాటు. తండ్రినంటూ నేనొకణ్ణి ఇంట్లో ఉండగా కూతురి బండిని ఎవరో తీసుకెళ్ళడమేమిటని ఆయనకు నిద్ర లేస్తూనే అనిపించింది. భార్య స్నానానికి వెళ్ళగానే తాళంచెవి తీసుకున్నాడు. ఫోను మాత్రం దిండు కిందే మరిచిపోయాడు.

ఇందులో కొంత సిగ్గు కూడా ఉంది. మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఆ పిల్ల, "నాన్నా, ఒక్కసారి గ్రౌండుకొచ్చి నేను నడపడం చూడవూ" అని అడుగుతోంది. "చూస్తాలేమ్మా" అని ఆయన మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోతున్నాడు. కనీసం టెస్టు రోజైనా తన చేతుల మీదుగా బండి అందించాలనుకున్నాడు.

అది కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన చిన్న ఇంజిను స్పోర్ట్స్ బండి. చూడ్డానికి పందెపు గుర్రమే గానీ స్వభావం సాధువు. కాకపోతే హ్యాండిలు కిందికి, కాళ్ళు పెట్టుకునే చోటు వెనక్కి ఉంటాయి. ఎక్కినవాళ్ళు నేలమీద పడిపోయిన సూది వెతుకుతున్నట్టు ట్యాంకు మీదికి వంగి కూర్చోవాలి.

తల్లి ఈ బండికి రెండు షరతుల మీద ఒప్పుకుంది. హెల్మెట్టు, రైడింగ్ కోటు లేకుండా ఎవరూ దాన్ని ఎక్కకూడదు. ఒక్కసారి పడ్డా సరే, ఆ రోజే అమ్మకానికి పెట్టెయ్యాలి. పడని ప్రతి రోజుకూ వంటగది క్యాలెండరు మీద ఆవిడ ఒక టిక్కు పెడుతుంది. నిన్నటికి తొంభై ఒకటి.

కళ్ళజోళ్ళాయన షరతులు పాటించే మనిషి. కూతురి గులాబీ చారల కోటు ఊపిరి బిగబట్టి తొడుక్కున్నాడు. నల్లద్దం హెల్మెట్టు పెట్టుకుని, గడ్డం కింది పట్టీ జంట రింగుల్లోంచి ఎలాగో దూర్చి లాగాడు. ఏడూ నలభైకి బండి గేటు దాటింది.

ఇరవై ఆరేళ్ళుగా ఆయన నడిపింది పాత స్కూటరు. దాని గేర్లు ఎడమచేతి పిడిలో ఉంటాయి, పిడి తిప్పితే మారతాయి. ఈ బండి గేర్లు ఎడమ కాలి దగ్గర ఉంటాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆయన చేతికి తెలియదు.

వీధి చివర రిటైర్డ్ హెడ్మాస్టరు గేటు ముందు స్పీడ్ బ్రేకరు ఉంది. అక్కడ బండి ఆపి, అలవాటు కొద్దీ ఎడమచేతి పిడి తిప్పి, న్యూట్రల్ వచ్చేసిందన్న ధీమాతో క్లచ్ వదిలేశాడు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. ఆ తర్వాత నిలబడ్డ చోటే, పక్కకి, తీరిగ్గా పడిపోయింది. ఆయన కూడా.

"అయ్యో, కళ్ళజోళ్ళాయన గారి అమ్మాయి" అంటూ హెడ్మాస్టరు బయటికొచ్చాడు. ఎదురు కొట్లోంచి దర్జీ ఆవిడ టేపు మెడలో వేసుకునే పరిగెత్తుకొచ్చింది. "దెబ్బలేమైనా తగిలాయా తల్లీ?"

అప్పుడు అద్దం పైకెత్తితే కథ అక్కడితో అయిపోయేది. కానీ యాభై మూడేళ్ళ మనిషి, గులాబీ చారల కోటులో, నిలబడ్డ బండి మీంచి పడ్డాడు. ఆయన అద్దం ఎత్తలేదు. తల అడ్డంగా ఊపాడు.

"సిగ్గుపడుతోంది పాపం" అన్నాడు హెడ్మాస్టరు.

దర్జీ ఆవిడ బండి లేపడానికి సాయం పట్టి, కోటు వంక ఎగాదిగా చూసింది. "మొన్న ఆర్నెల్ల కిందటే కదా డ్రెస్సు కుట్టాను. ఈసారి మళ్ళీ కొలతలిచ్చి వెళ్ళమ్మా."

క్లచ్ లీవరు వంగిపోయింది. ఎడమ పక్కంతా గీతలు. ఇక తోసుకుంటూ పోవడం తప్ప దారి లేదు. మైదానం రెండు కిలోమీటర్లు. పట్టీ విప్పబోతే జంట రింగులు ఇంకా బిగుసుకున్నాయి. ఆ హెల్మెట్టుతోనే ఆయన బయల్దేరాడు.

హెడ్మాస్టరు బాధ్యత తెలిసిన మనిషి. వెంటనే ఫోను చేశాడు. "అమ్మా, కంగారు పడకండి. మీ అమ్మాయి మా గేటు ముందు బండి మీంచి పడింది. లేచి, కుంటుకుంటూ వెళ్ళింది."

తడి జుట్టుతో తల్లి కిందికి దిగి చూస్తే బండి లేదు. కూతురికి ఫోను చేస్తే మోగుతూనే ఉంది. డ్యూటీ అయ్యేదాకా ల్యాబువాళ్ళ ఫోన్లు లాకర్లో ఉంటాయన్న సంగతి ఆ క్షణంలో ఆవిడకు గుర్తు రాలేదు. భర్తకు చేస్తే దిండు మోగింది. ఈలోగా మెకానిక్ వచ్చాడు.

"బండి ఏదమ్మా?"

"తనే వచ్చి తీసుకెళ్ళింది. పడింది కూడా."

"ఆ అమ్మాయా? ఆమె పడదమ్మా."

"నువ్వు చూశావా?"

"రోజూ చూస్తానుగా. మీరు చూళ్ళేదా?"

ఆవిడ వంటగదిలోకి వెళ్ళి క్యాలెండరు మీద ఆ రోజుకి ఇంటూ గుర్తు పెట్టింది. తర్వాత మెకానిక్ బండి వెనకెక్కి ఆస్పత్రికి వెళ్తే, "ఇప్పుడే టెస్టుకని బయల్దేరిందండీ" అన్నారు ల్యాబులో. పడి, ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా, మళ్ళీ టెస్టుకా? దారంతా ఆవిడ భయం కోపంగా మారుతూ వచ్చింది.

మైదానంలో కూతురిది పద్నాలుగో నంబరు, దాన్ని మూడుసార్లు పిలిచారు. మూడోసారి పిలిచిన కాసేపటికి, చెమటతో తడిసి ముద్దయిన కళ్ళజోళ్ళాయన బండి తోసుకుంటూ గేట్లోకి వచ్చాడు. కూతురు తన కోటునూ, వంగిన లీవరునూ, ఆ నడకనూ చూసింది. ఏమీ అడక్కుండా, ఇంకొక్క అవకాశం ఇమ్మని అడగడానికి ఇన్స్పెక్టరు దగ్గరికి పరిగెత్తింది.

సరిగ్గా అప్పుడే తల్లి మెకానిక్ బండి దిగింది. కోటుని చూసింది, హెల్మెట్టుని చూసింది, తిన్నగా వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"మాటిచ్చావు కదే. పడితే నాకు చెప్పాలని ఉండదా? అంత పరాయిదాన్నయ్యానా నీకు? ఇక చాలు. ఈ రోజే అమ్మేద్దాం."

హెల్మెట్టు కిందికి వంగింది. అది ఒప్పుకున్నట్టే ఉంది.

"అమ్మా" అంది వెనకనుంచి కూతురు, "నేనిక్కడున్నాను."

ఆవిడ అటు చూసింది, ఇటు చూసింది. కూతురు వచ్చి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పట్టీ విప్పి, హెల్మెట్టు తీసింది.

"నేనే పడ్డాను" అన్నాడు కళ్ళజోళ్ళాయన. "స్కూటరనుకుంది చెయ్యి."

"నన్ను అంతసేపు తిట్టనిచ్చారే. ఒక్క మాట అనొచ్చుగా."

"అందామనే అనుకున్నాను."

"మూడు నెలల్నించీ నీ 'చూస్తాలే' కూడా ఇంతే, నాన్నా" అంది కూతురు. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

ఇన్స్పెక్టరు వచ్చి లీవరు చూశాడు. "ఈ బండి మీద టెస్టు పెట్టనమ్మా. వచ్చే నెల రా."

ఆమె సరేనంది. ఈ ఉదయం కోసం ఆమె రెండు సెలవులు వదులుకుని రాత్రి డ్యూటీ వేయించుకుంది. ఆ సంగతి తండ్రికి మెకానిక్ చెప్పాడు, లీవరు సరిచేస్తూ.

అందరూ వెళ్ళిపోయాక ఖాళీ మైదానంలో ఆమె బండెక్కింది. వరసగా నిలబెట్టిన డబ్బాల మధ్య ఎనిమిది అంకె గీస్తున్నట్టు, కాలు కింద పెట్టకుండా, నెమ్మదిగా తిప్పింది. నడకంత వేగంలో కూడా బండి తొణకలేదు.

"ఇంత బాగా నడుపుతుందని నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది భార్య.

"నేనూ ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడాయన.

"షరతు షరతే. పడినవాళ్ళ బండి అమ్మెయ్యాలి" అంది ఆవిడ.

"అదేంటి, తప్పు నాది కదా, పిల్ల బండి ఎందుకు..."

"పిల్ల బండి కాదు. మీ స్కూటరు."

ఇంటికెళ్ళగానే ఆయన ఇరవై ఆరేళ్ళ స్కూటరు తాళంచెవి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. వంటగదిలో ఇంటూ గుర్తుని ఆవిడే దిద్ది టిక్కు చేసింది. అది మిగతా టిక్కులకన్నా కాస్త లావుగా వచ్చింది.

కూతురి మీద పడిన మాటైనా తుడిచేద్దామని సాయంత్రం ఆయన హెడ్మాస్టరింటికి వెళ్ళాడు. "పొద్దున పడింది మా అమ్మాయి కాదండీ. నేను."

హెడ్మాస్టరు ఆయన చేతిని జాలిగా తట్టాడు. "తండ్రి మనసు అలాగే ఉంటుంది. మీ స్థానంలో నేనున్నా అదే అబద్ధం ఆడేవాణ్ణి."

"నిజమండీ. ఆ కోటులో ఉన్నది నేనే."

"ఎందుకండీ ఇంకా. ఈ రెండు కళ్ళతో చూశాను. పైగా పెట్టుకున్నది మీరు చేసిచ్చిన కళ్ళజోడు. అందులో తప్పు కనబడుతుందంటారా?"

"కనబడదండీ" అని కళ్ళజోళ్ళాయన వచ్చేశాడు.

మర్నాడు బస్సులో షాపుకెళ్ళి, పాత రిజిస్టరు తీసి, హెడ్మాస్టరు కళ్ళజోడు నంబరు మళ్ళీ సరిచూసుకున్నాడు. నంబరు సరిగ్గానే ఉంది.