క్షమాపణలు చేరవేయబడును

ఆ ఉదయం ఇల్లాలి పథకం చాలా చిన్నది. పొద్దున లెక్కలు, ఆ తరవాత భూగోళం, మధ్యాహ్నం అత్తగారికి భోజనం. ఈ మూడూ గొడవ లేకుండా గడిచిపోతే పిల్లల చదువు గట్టెక్కినట్టే.

పిల్లలిద్దరూ బడికి వెళ్లరు. రెండో అంతస్తులోని ఆ ఇంట్లో భోజనాల బల్లే వాళ్ల బడి. తినేటప్పుడు పుస్తకాలు తీస్తారు, చదివేటప్పుడు కంచాలు తీస్తారు, ఒక్కోసారి రెండూ తీయడం మరిచిపోతారు. అత్తగారు మాత్రం హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. "అది చదువు కాదమ్మా, సెలవు" అని ఆవిడ మొదటినుంచీ అంటూనే ఉంది. ఆ సంగతేదో స్వయంగా చూసి తేల్చడానికి ఆ రోజు వస్తోంది. "ఈ ఇంటి చదువు నువ్వు వద్దంటే వచ్చే నెలే బళ్లో వేసేస్తా" అని తల్లికి, "అమ్మ వద్దనదులే" అని భార్యకి మాటిచ్చి, ఇంటాయన పెందలాడే ఆఫీసుకు జారుకున్నాడు.

పిల్లలకు చిన్నప్పటినుంచే వ్యాపారం నేర్పాలని ఇల్లాలికి ఈమధ్యే ఉత్సాహం పుట్టింది. గ్రీటింగ్ కార్డులు గీసి అమ్మమంది. పదకొండేళ్ల కూతురు ఒప్పుకోలేదు. ఇంట్లో ఆ పిల్లను మేనేజరంటారు.

"కార్డులెవరు కొంటారమ్మా? ఈ బిల్డింగులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోవట్లేదు. మెట్ల మీద ఎదురుపడితే చెప్పుల వంక చూసుకుంటూ పోతున్నారు. మన మార్కెట్ అదే" అంది మేనేజరు.

మర్నాటికల్లా మెట్ల దగ్గర అట్టముక్క వెలిసింది: 'క్షమాపణలు చేరవేయబడును. రెండో అంతస్తు. రుసుము ముందుగా.' ఆర్డర్లు తీసుకోవడం మేనేజరు పని. చేరవేయడం తమ్ముడి పని. వాడికి ఏడేళ్లు, ముద్దుపేరు మైకు. రహస్యం చెప్పమన్నా నాలుగిళ్లకు వినపడేలా చెప్పేవాడు కనుక ఆ పేరు స్థిరపడిపోయింది.

అత్తగారు రావలసిన ఆ ఉదయం, లెక్కలు సగంలో ఉండగా మొదటి ఆర్డరు వచ్చింది. గుమ్మంలో కింది అంతస్తు డెంటిస్టు నిలబడి ఉన్నాడు. తెల్లకోటు, చేతికి ఊడదీయని గ్లవ్సు, ముఖంలో మొహమాటం.

"ఒక సారీ చెప్పాలమ్మా. నాకేమో నోరు పెగలట్లేదు."

"ఒక్క వాక్యంలో చెప్పండంకుల్. తమ్ముడికి అంతకంటే నిలవదు."

డెంటిస్టు గొంతు సవరించుకున్నాడు. "పై ఇంట్లోవాళ్లకి చెప్పండి. నేను చేసింది తప్పేనని, మనసులో పెట్టుకోవద్దని. ఏం చేశానో వాళ్లకి తెలుసులే."

పై ఇల్లంటే ఆయన ఉద్దేశం, తన క్లినిక్‌కు సరిగ్గా పైన, మొదటి అంతస్తులో ఉన్న వయొలిన్ మేడమ్ ఇల్లు. ఆవిడ వాయించినప్పుడల్లా ఆయన చీపురుకట్టతో పైకప్పు మీద ఠపీ ఠపీమని కొట్టేవాడు. నిన్న ఆవిడ మెట్ల మీద ఎదురై చల్లగా నవ్వేసరికి ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. కాని ఆయన ఆ మాటన్నది రెండో అంతస్తులో నిలబడి. అక్కడినుంచి చూస్తే పై ఇల్లు మూడో అంతస్తు.

మూడో అంతస్తులో ఉండేది రిటైర్డ్ స్టేషన్ మాస్టరు. పోయిన వారమే ఆయన ఇదే డెంటిస్టు దగ్గర పన్ను పీకించుకున్నాడు. అయినా నొప్పి తగ్గక, దవడకు మఫ్లర్ చుట్టుకుని తలుపు తీశాడు.

"డెంటిస్టంకుల్ మీకు సారీ చెప్పమన్నారు!" మైకు మెట్లన్నీ మార్మోగేలా అరిచాడు. "ఆయన చేసింది తప్పేనంట! మనసులో పెట్టుకోవద్దంట! ఏం చేశారో మీకు తెలుసంట!"

స్టేషన్ మాస్టరు చెయ్యి మెల్లిగా దవడ మీదికి వెళ్లింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"అంటే... వాడు పీకింది వేరే పన్నా?"

"అది నాకు చెప్పలేదండీ" అన్నాడు మైకు నిజాయితీగా.

ఆయన మఫ్లర్ ఊడుతున్నా చూసుకోకుండా మెట్లు దిగాడు, వెనకే మైకు. దిగుతూ దిగుతూ కనబడిన ప్రతి గుమ్మానికీ సంగతి చెప్పుకుంటూ పోయాడు. చెప్పనక్కర్లేదు కూడా. మైకు గొంతు ఆయనకంటే ముందే కిందికి దిగింది. క్లినిక్‌లో వరసగా కూర్చున్నవాళ్లు అప్పటికే తమ తమ పళ్లను నాలుకతో తడిమి చూసుకుంటున్నారు.

"బయటికి రావయ్యా డాక్టరూ! మంచి పన్ను పీకేసి, చిన్నపిల్లాడితో సారీ పంపిస్తావా?"

డెంటిస్టు చేతిలో అద్దంతో పరుగున వచ్చాడు. ఆయన వెనకాలే, సగం మూతి మొద్దుబారిన ఒకాయన మెడలో తువ్వాలుతో లేచొచ్చాడు. "నాగ్గూడా గొంఛెం ఛూసి ఛెఫ్ఫండి, ఏ ఫన్నో" అని బతిమాలాడు. బెంచీ మీంచి ఇద్దరు చప్పుడు చేయకుండా చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచారు.

"అయ్యో, ఆ సారీ మీకు కాదండీ! వయొలిన్ మేడమ్‌కి!" అన్నాడు డెంటిస్టు.

గోల విని అప్పుడే మెట్లు దిగివచ్చిన వయొలిన్ మేడమ్ ఆగిపోయింది. "నాకా? ఎందుకండీ?"

ఇక దాచి లాభం లేదు. "రోజూ పైకప్పు మీద కొడుతున్నది నేనేనండీ. చీపురుకట్టతో."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఆ తాళం మీరేనా! కింద ఎవరో రసికులున్నారని నా శిష్యులందరికీ చెబుతుంటాను."

"తాళం... కాదండీ. ఆపమని కొట్టేవాణ్ణి."

వెలిగిన ముఖం అంతే వేగంగా ఆరిపోయింది. "మీ దెబ్బ కొంచెం తొందరగా పడుతోందని, మీకోసం నేను వేగం కూడా పెంచుకున్నానే! వేళ్లు పడిపోతున్నా!"

"మీరు పెంచినకొద్దీ నేను ఇంకా గట్టిగా కొట్టాను" అన్నాడు డెంటిస్టు నీరసంగా.

ఈలోగా మేనేజరు కిందికి దిగి వచ్చింది. జనాన్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది, జరిగింది అర్థం చేసుకుంది. "పొరపాటు మాదేనండీ. పై ఇల్లంటే మా పై ఇల్లనుకున్నాం. ఈ అంకుల్ పన్ను గురించి డాక్టరంకుల్ ఏమీ అనలేదు" అంది అందరికీ వినపడేలా.

"విన్నారా!" డెంటిస్టుకు ప్రాణం లేచొచ్చింది. "నా చేతిలో ఇంతవరకూ ఒక్క పన్ను తప్పు పోలేదు. ఉండండి, ఎక్స్‌రే చూపిస్తా, మీరే చెబుదురుగాని."

ఫిల్మ్ తెచ్చి, అందరి ముందూ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. స్టేషన్ మాస్టరు నోరు తెరిచి నిలబడ్డాడు. డెంటిస్టు ఫిల్మ్ చూశాడు. నోరు చూశాడు. మళ్లీ ఫిల్మ్ చూశాడు. ఫిల్మ్‌ను అటుది ఇటు తిప్పాడు. ఆ తరవాత కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపలేదు.

చివరికి వంగి మేనేజరు చెవిలో గుసగుసలాడాడు. "ఇంకో ఆర్డరుందమ్మా. ఈసారి నిజంగానే మూడో అంతస్తుకి."

"ఆయన మీ ముందే ఉన్నారుగా అంకుల్. ఎదురుగా ఉన్నవాళ్లకి మేం చేరవేయం. ఊరికే రుసుము తీసుకున్నట్టవుతుంది."

డెంటిస్టు కళ్లజోడు పెట్టుకుని స్టేషన్ మాస్టరు వైపు తిరిగాడు. "ఫిల్మ్ తిరగేసి పట్టుకున్నానండీ ఆ రోజు. కుడిదనుకుని ఎడమది పీకాను. క్షమించండి. కొత్తది కట్టిచ్చే పూచీ నాది."

స్టేషన్ మాస్టరు తెరిచిన నోరు నిదానంగా మూశాడు.

"సర్వీసంతా మైకులో నేనే చెప్పానయ్యా, 'రైలు ఆలస్యానికి చింతిస్తున్నాం' అని. నేను ఆలస్యం చేసింది ఒక్కటీ లేదు. అయినా అందరికీ చెప్పాను. నాకు మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ చెప్పిన పాపాన పోలేదు." మఫ్లర్‌తో కళ్లు ఒత్తుకున్నాడు. "సరే పద. ఇప్పుడైనా నొప్పెడుతున్న పన్ను పీకు."

చేతిలో గరిటెతో ఇల్లాలు అప్పుడే పరుగెత్తుకుంటూ వచ్చింది. కొడుకు గొంతు విన్నప్పుడే రావలసింది గాని, పొయ్యి మీది గిన్నె వదల్లేదు. వచ్చి, బెంచీ చివర కూర్చున్న మనిషిని చూసి కొయ్యబారిపోయింది.

"అత్తయ్యగారూ! మీరెప్పుడొచ్చారు?"

"పన్ను కదులుతోంది, భోజనానికి ముందే చూపించుకుందామని వచ్చానమ్మా" అంది అత్తగారు చేతిసంచీ సర్దుకుంటూ. "మొదటినుంచీ ఇక్కడే ఉన్నా."

ఇల్లాలికి బడి గేటు, యూనిఫారాలు, పిల్లల ఏడుపు ముఖాలు ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. భోజనాల దగ్గర అత్తగారు ఒక్క మాట మాట్లాడలేదు. లెక్కలడగలేదు, భూగోళం అడగలేదు. మనవరాలి వంక చూసింది, మనవడి వంక చూసింది, మంచినీళ్లు తాగింది. అంత మౌనం ఆవిడ దగ్గర ఇల్లాలు ఎన్నడూ ఎరగదు. ఇక అయిపోయిందనుకుని, గిన్నెలు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

హాల్లో అత్తగారు మనవరాలిని దగ్గరికి పిలిచింది.

"పొరపాటు మాదేనని అంతమందిలో ఒప్పుకున్నావు చూడు, అది నేను ఏ బళ్లోనూ నేర్పలేకపోయాను. మీ సంస్థకి ఒక ఆర్డరిస్తానే. మీ అమ్మకి చేరవేయాలి. మీ చదువు గురించి ఇన్నాళ్లూ నేనన్న మాటలు తప్పు, పిల్లల్ని బళ్లో వేయక్కర్లేదు అని."

మేనేజరుకు సంతోషం ఆగలేదు, అయినా నియమం నియమమే. "అమ్మ ఇక్కడే ఉందిగా నాయనమ్మా, నువ్వే చెప్పొచ్చుగా?"

"చెప్పగలిగితే నీ దగ్గరికెందుకొస్తానే? ఎదురుగా ఉన్నవాళ్లకేగా చేరవేయనిది? మధ్యలో గోడుంది, చూడు."

మేనేజరు గోడను పరిశీలించి ఒప్పుకుంది. మైకు వంటింటి గుమ్మంలోకి వెళ్లి, గుండెల నిండా గాలి పీల్చుకుని, ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా చేరవేశాడు.

"సరిగ్గా వినపడలేదు నాన్నా, ఇంకోసారి చెప్పు" అంది ఇల్లాలు, కుళాయి కట్టేసి.

వీధి చివరి మందుల షాపువాళ్లకు కూడా మొదటిసారే తెలిసిపోయిన ఆ సంగతి, వంటింట్లో ఉన్న కోడలికి మాత్రం మూడోసారికి గాని వినపడలేదు.