కంపెనీ కవరు

ఆ ఆదివారం బెంజమిన్ అనుకున్న పని చిన్నదే. కట్టు కట్టిన కుడిచేతిని తెల్లచొక్కాలో ఎలాగో దూర్చి, చర్చికి పోయి, ప్రాణం దక్కినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకోవాలి. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ల మీది నుంచి జారిపడి చేయి విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు పని ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ప్రాణమైతే కాపాడావు, మరి ఇల్లెలా గడుస్తుంది ప్రభువా అని కూడా మెల్లగా అడగాలని అతని మనసులో ఉంది.

చొక్కా సగం దూరిందో లేదో, మిల్లు ఆఫీసు నుంచి వనజ ఫోన్ చేసింది. పత్తి కాలం కదా, వాళ్లకు ఆదివారం లేదు.

"బెంజమిన్ అన్నా, ఏం ఫికర్ చెయ్యకు. నీకు కంపెనీ కవర్ ఉన్నది. చెయ్యి నయమయ్యేదాక ఇల్లు దాంతోనే నడుస్తది..."

వెనక యంత్రాల మోత. ఫోన్ కట్టయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు.

"లిడియా! కంపెనీ కవర్ యాడున్నదే?"

భార్య చేతిలో దువ్వెన ఆగిపోయింది. "నౌకరీల చేరిన్నాడు ఇచ్చిండ్రు, గా మిల్లు బొమ్మున్న పొడుగు కవరా?"

"అదే! యాడ వెట్టినవ్?"

"పోయిన వారం కృతజ్ఞత కానుక అండ్లనే పెట్టి వేసిన. చర్చి కవర్లు అయిపోయినయి గద! ఉత్త కవరే అనుకున్న."

"మూడు నెలల బువ్వను కానుకల వేసినవా?"

"దేవునికే గదయ్యా వేసింది, పరాయోళ్లకు గాదు."

ఆరాధన మొదలు కాకముందే ఇద్దరూ ఆటోలో చర్చికి చేరారు. పాస్టరు స్టీఫెన్ గారు వాళ్ల గోడు విని కానుకల పెట్టె తెరిచారు. ఖాళీ. సండేస్కూలు చెప్పే ఆనందమ్మ గొంతు సవరించుకుంది.

"పారేసుడెందుకని పాత కవర్లన్ని కత్తిరించి క్రిస్మస్ చుక్క చేసిన, అయ్యగారూ."

అందరూ పైకి చూశారు. దూలానికి పెద్ద చుక్క వేలాడుతోంది. దాని ఒక కొమ్ము మీద మిల్లు బొమ్మ, తలకిందులుగా.

బెంజమిన్ ఒంటిచేత్తో నిచ్చెన ఎక్కబోయాడు. "ఉన్న చెయ్యి గూడ ఇరగ్గొట్టుకుంటవా?" అంటూ లిడియా వెనక్కి లాగింది. అంత కష్టపడి దూర్చిన చొక్కా చర్రున చినిగింది. చూడలేక పాస్టరుగారే ఎక్కారు. చుక్క చేతికి అందింది. దిగేటప్పుడు నిచ్చెన మాత్రం కాలికి అందలేదు. చుక్కతో సహా జంపఖానా మీద పడ్డారు. మడమ బెణికింది.

అప్పుడు మోగింది ఫోన్. వనజే.

"వనజమ్మా, కవర్ దొరికింది గని కత్తిరించిండ్రు," అన్నాడు బెంజమిన్ ఏడుపు గొంతుతో. "ఒక్క కొమ్ము మిగిలింది. పనికొస్తదా?"

"కొమ్మేంది అన్నా? కవరంటే కాయితం గాదు, బీమా! మనందరి పేర్ల మీద కంపెనీ కట్టింది. నువ్వు పనికి రాలేనన్ని దినాలు జీతంల సగం అండ్లకెల్లి వస్తది."

"చెయ్యి పూరాగ పోతే గద ఇచ్చేది? నాది అతుకుతదంట."

"అతికేదాకనే ఇస్తరు! డాక్టర్ చీటి పంపు, చాలు."

బెంజమిన్ ఉన్నచోటనే మోకరించాడు. తాను అడగకముందే ఎవరో తన సంగతి ఆలోచించి పెట్టారు. ఆ ఎవరో మిల్లు యజమానా, ప్రభువా అన్నది అతనికి తేలలేదు. ఎందుకైనా మంచిదని ఇద్దరికీ స్తోత్రం చెప్పుకున్నాడు.

"బెంజమిన్," అన్నారు పాస్టరుగారు మడమ పట్టుకుని, "గా కవర్ లోపట పాస్టర్లు గూడ పడతరేమో, జర అడుగు."

ఆ పూట ప్రసంగం కుర్చీలో కూర్చునే సాగింది. కానుక వేళ లిడియా మాత్రం కవరు జోలికి పోకుండా ఉత్త చేత్తోనే వేసింది.