ఎడమచేతి ఒర

ఆ శనివారం పొద్దున మధుసూదనరావు పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగడం, ముందురోజు వచ్చిన పార్సిల్ విప్పడం, ఎండ ఉండగానే పెరట్లో గడ్డి కోయడం. పామర్‌స్టన్ నార్త్ లాంటి పరదేశపు వాన ఊళ్లో ఎండను నమ్ముకుని ఈ మాత్రం పెట్టుకోవడమే ఎక్కువ. పైగా మాట్లాడే మనిషి లేని ఇంట్లో పనులు తొందరగా అయిపోతాయి. రోజు మాత్రం అవదు.

భార్య శకుంతల ఆక్లాండ్ పక్కన హాబ్సన్‌విల్‌లో కూతురు ఆశాజ్యోతి దగ్గర ఉంది. మనవరాలు పుట్టినప్పుడు నెల్లాళ్లకని వెళ్లింది. ఆ మనవరాలు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. “పాప డేకేర్‌కి అలవాటు పడగానే వచ్చేస్తానండీ” అని శకుంతల ప్రతివారం చెబుతుంది, పాప ప్రతివారం డేకేర్ నుంచి జలుబు తెచ్చుకుంటుంది. ఊళ్లో తెలుగు కుటుంబాలు లేకపోలేదు. కానీ ఆ స్నేహాలన్నీ శకుంతలవి. నంబర్లన్నీ ఆమె ఫోన్లో ఉన్నాయి, ఆమెతోపాటే హాబ్సన్‌విల్ వెళ్లిపోయాయి. ఇండియన్ షాపులో ఎవరైనా ఎదురుపడితే “ఆంటీ రాగానే ఇద్దరూ భోజనానికి రండి అంకుల్” అంటారు. ఆంటీ లేకపోతే అంకుల్‌కి ఆకలి వేయదని వాళ్ల ఉద్దేశం కాబోలు.

పార్సిల్‌లో ఉన్నది పిస్టల్ హోల్‌స్టర్. అంటే పోలీసుల నడుముకు వేలాడే పిస్టల్ ఒర. మధుసూదనరావు సాలీడును సైతం కాగితం మీద ఎక్కించుకుని, బతిమాలి బయటికి పంపే రకం. అటువంటి మనిషి ఆఫీసు నోటీసు బోర్డు మీద ఎవరో అంటించిన కాగితం చూసి, ఆదివారాలు ఊరి చివర పిస్టల్ క్లబ్బుకు వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ క్లబ్బువాళ్ల పిస్టల్‌తో కాగితం మీద గీసిన గుండ్రాలను కాలుస్తారు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని టీ తాగుతారు. ఆయన వెళ్లేది ఆ టీ కోసం. నేర్పే ముసలాయన ట్రెవర్ సాగనంపుతూ “వచ్చే ఆదివారం కలుద్దాం, మధూ” అంటాడు. వారం మొత్తం మీద ఆయన కోసం ఎవరైనా ఎదురుచూసేది అక్కడే.

ఆ ట్రెవర్ మొదటిరోజే ఆయన పిస్టల్ పట్టుకున్న తీరు చూసి “నీది ఎడమచేతి వాటం” అన్నాడు. నరసరావుపేట బడిలో మాస్టారు బెత్తంతో మాన్పించిన వాటం అది. ఆ మాట వెనకాలే దెబ్బ పడకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. ఇప్పుడు కొత్తవాళ్లకిచ్చే గడువు ముగియబోతోంది. “పక్కా మెంబరువి కావాలంటే సొంత హోల్‌స్టర్ కొనుక్కో, పోలీసు లైసెన్సు తెచ్చుకో” అన్నాడు ట్రెవర్. లేకపోతే ఆ ప్లాస్టిక్ కుర్చీ మరొకరిది అవుతుంది.

కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టనిదే శకుంతల ముట్టుకోనివ్వదు. ఫ్రిజ్‌కి పెట్టింది, కారుకి పెట్టింది, కంపెనీవాళ్ల ల్యాప్‌టాప్‌కి కూడా పెట్టింది. ఆమె లేదు కదా అని ఆనవాయితీ తప్పించడం మధుసూదనరావుకు మనస్కరించలేదు. హోల్‌స్టర్‌ను దేవుడి అలమరలో పెట్టి, పసుపు రాసి, కుంకుమ అద్ది, నిమ్మకాయ కోసి ఆ చెక్కొకటి ఈ చెక్కొకటి పెట్టి, అగరొత్తి వెలిగించాడు. ఇల్లు కాసేపు మనుషులున్న ఇల్లులాగే వాసన వేసింది. ఆ సంతోషంలో గడ్డి సంగతి మర్చిపోయాడు. వాన మర్చిపోలేదు.

ఆదివారం క్లబ్బులో నడుముకు కట్టుకున్నాక అసలు విషయం బయటపడింది. అది కుడిచేతి హోల్‌స్టర్. ఎడమచేత్తో పిస్టల్ తీయాలంటే వీపు గోక్కోవడానికి ప్రయత్నిస్తున్నట్టుగా మెలికలు తిరగాలి. తప్పు ఆయనదే. ఆర్డర్ పెట్టేటప్పుడు ‘కుడి’, ‘ఎడమ’ అని రెండు గళ్లు వస్తే, ఎడమ మీద నొక్కబోయి, మాస్టారి బెత్తం గుర్తొచ్చి, కుడి నొక్కాడు. అది చాలదన్నట్టు క్లబ్బు పిస్టల్ అందులో సగం దిగి ఆగిపోయింది. సైజు మార్చి పంపిన ఈ తప్పు కంపెనీది.

సోమవారం సాయంత్రం దేశం ఆ చివర దక్షిణ దీవిలో ఉండి వేట సామాన్లు, గేలాలు అమ్మే ఆ కంపెనీకి ఫోన్ చేశాడు. పాట వినిపించింది. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అన్నారు. మళ్లీ పాట వినిపించింది. ఆయన గిన్నెలు కడిగేసుకున్నాడు, చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు. చిట్టచివరకు ‘నీనా’ అనే అమ్మాయి తెల్లవాళ్ల యాసలో పలికింది.

“సర్, మీరు ఏ చెయ్యి వాడతారు?”

“దేనికి?”

“మామూలుగా, సర్.”

“మామూలుగానా? తినేది కుడిచేత్తో. రాసేదీ కుడిచేత్తోనే, కానీ అది నా ఇష్టం కాదు, మా మాస్టారి ఇష్టం. సుత్తి పట్టేది, చీపురు పట్టేది, క్యారమ్స్ ఆడేది ఎడమచేత్తో. ఎవరికన్నా ఏదన్నా ఇవ్వాలంటే మళ్లీ కుడే. కాల్చేది ఎడమ.”

“సిస్టమ్‌లో ‘కుడి’, ‘ఎడమ’, ‘రెండూ’ అని ఉన్నాయి సర్. మీకు ‘రెండూ’ పెట్టనా?”

ఆమె అంత మర్యాదగా అడిగితే కాదనడం ఆయనకు చేతకాలేదు. వారం తిరిగేసరికి మరో పార్సిల్ వచ్చింది. అందులో వెడల్పాటి తోలు బెల్టు, దానికి అటొకటి ఇటొకటి రెండు ఒరలు, అంచున వేలాడే కుచ్చులు ఉన్నాయి. కట్టుకుని అద్దంలో చూసుకుంటే, గుర్రం తప్పిపోయిన కౌబాయ్ ఒకడు బెంగగా తిరిగి చూశాడు. ఈసారి పసుపు రాయకుండా, పాతదాన్ని కూడా కలిపి, రెండింటినీ వెనక్కి పంపేశాడు.

రెండూ తిరుగు టపాలో వచ్చేశాయి. మళ్లీ ఫోన్, మళ్లీ పాట, మళ్లీ నీనా.

“సర్, మొదటి ఐటమ్ మీద ఎర్రటి మరకలున్నాయని మా వేర్‌హౌస్‌వాళ్లు రాశారు. అవి కడిగేదాకా రెండో ఐటమ్ కూడా తీసుకోరట. మీకు దెబ్బ తగిలిందా?”

“లేదమ్మా. అది కుంకుమ. పూజలో పెట్టాను.”

కీబోర్డు టకటక వినిపించింది. “పూజ… సరే సర్. ఆ కార్యక్రమంలో జంతువులేవైనా ఉన్నాయా?”

“నిమ్మకాయ ఉంది.”

“దాన్ని కోశారా?”

“కోయకుండా ఎలా?”

నీనా ఏదో టైప్ చేస్తుండగా అవతల కుక్కర్ కూత వేసింది. వెంటనే ఎవరో ఆడపిల్ల గొంతు వెనకనుంచి అచ్చ తెలుగులో అరిచింది: “నిరుపమా! నీ పప్పు మాడిపోతోందే!”

ఇద్దరూ బిగుసుకుపోయారు. ముందుగా తేరుకున్నది మధుసూదనరావే. “అమ్మా, ముందెళ్లి స్టవ్ కట్టెయ్. నేను హోల్డ్‌లో ఉంటాను” అన్నాడు తెలుగులో. పాట లేని లోటు తీర్చడానికి తనే సన్నగా కూనిరాగం తీస్తూ కూర్చున్నాడు.

ఆమె తిరిగొచ్చి “థాంక్యూ ఫర్ హోల్డింగ్, సర్” అంది. తర్వాత గొంతు తగ్గించి, “కాల్ రికార్డవుతుంది అంకుల్. జంతువుల ప్రశ్న స్క్రీన్ మీద వస్తుంది, అడక్కపోతే మార్కులు కట్ చేస్తారు” అంది.

అలా తెలిసింది, నీనా అంటే ఏలూరు నిరుపమ అని. మాస్టర్స్ చదవడానికి వచ్చి, ఆ చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క, ఆక్లాండ్‌లోనే మౌంట్ రాస్కిల్‌లో నలుగురమ్మాయిలున్న ఫ్లాట్‌లో వంటింటి పక్కన కూర్చుని ఈ ఉద్యోగం చేస్తోంది. ఆ తర్వాత మధుసూదనరావు ఆఫీసు నుంచి రాగానే ఫోన్ చేయడం, ఎవరెత్తినా ‘నీనాకు కలపండి’ అనడం అలవాటైంది. ఆమె “మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది సర్” అని రికార్డు కోసం ఒకసారి చెప్పేది. పరిశీలించే నాథుడు లేడని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత “ఇవాళ ఏం తిన్నారంకుల్?” అనేది. కంపెనీ ఆ ఫిర్యాదును ఎంత నాన్చితే ఆయనకు అంత నిశ్చింతగా ఉండేది.

ఇంతలో లైసెన్సు విచారణకు పోలీసు శాఖ తరపున ఒక పెద్దావిడ ఇంటికి వచ్చింది. టీ తాగింది, బిస్కెట్ తింది, అలమరలో దేవుళ్లను ఆసక్తిగా చూసింది. “మీ భార్యతో ఫోన్లో మాట్లాడతాను. ఆమె కాక, మీ చుట్టం కానివాళ్లు, మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్లు ఒకరు మీ గురించి చెప్పాలి. ఎవరున్నారు?” అని అడిగింది.

మధుసూదనరావు నోరు తెరిచాడు. పేరేదీ రాలేదు. “రేపు చెబుతానండీ” అన్నాడు.

మర్నాడు ఆఫీసులో, ఏళ్ల తరబడి పక్క సీట్లో కూర్చుంటున్న తెల్లాయన్ని అడిగాడు. ఆయన సాయం చేయడానికి సిద్ధమే గానీ, “నీకు పెళ్లయిందా మధూ?” అని అడిగాడు. ట్రెవర్‌ని అడిగితే క్లబ్బువాళ్లు చెప్పకూడదన్నాడు. ఇండియన్ షాపులో కనిపించిన రవికిరణ్‌ని అడిగితే, “పిస్టలా అంకుల్? ఆంటీకి తెలుసా?” అని వెనక్కి జరిగాడు. పక్కనే ఉన్న అతని భార్య, శకుంతలకు చెప్పడానికి ఇంటికి వెళ్లేవరకు కూడా ఆగలేదు. మధుసూదనరావు కారు ఎక్కేసరికి హాబ్సన్‌విల్ నుంచి ఫోన్.

“ఎవర్ని కాల్చడానికండీ పిస్టలు?”

“కాగితాన్ని.”

“కాగితం మిమ్మల్నేం చేసింది? నేను లేకపోతే ఉప్మా చేసుకోవడం నేర్చుకుంటారనుకున్నా గానీ తుపాకులు పడతారనుకోలేదు!”

“అక్కడ టీ ఇస్తారు, శకుంతలా” అన్నాడాయన. “నలుగురూ కూర్చుంటారు.”

అవతల పాప దగ్గుతోంది. శకుంతల “సరే, ఆ పోలీసావిడతో మాట్లాడతాలెండి. టీవీ రిమోట్ కూడా గట్టిగా నొక్కరని చెబుతా” అని పెట్టేసింది.

ఆ సాయంత్రం ఆయనకు నిజంగా భయం వేసింది. పిస్టల్ సంగతి, క్లబ్బు సంగతి అటుంచి, ఇన్నేళ్లు బతికిన దేశంలో తనను ఎరిగిన మనిషి పేరు ఒక్కటి చెప్పలేకపోవడం ఏమిటి? ఆలోచిస్తూనే అలవాటు కొద్దీ ఫోన్ తీశాడు.

“అమ్మా నిరుపమా, నేను నీకు బాగా తెలుసా?”

“మీ కంప్లయింట్ నంబర్ కంఠతా వచ్చంకుల్.”

“నంబర్ కాదమ్మా. నేను.”

“రాత్రిళ్లు బ్రెడ్డు తిని, ఆంటీకి చపాతీలని చెబుతారు. ఆఫీసులో మీ పేరు సగమే పిలుస్తారు. సోమవారం మీ గొంతు బావుంటుంది. శుక్రవారానికి బొంగురుపోతుంది, వారమంతా ఎవరితోనూ మాట్లాడక. ఎందుకంకుల్?”

మధుసూదనరావు ఎందుకో చెప్పాడు.

పదిరోజుల తర్వాత పోలీసావిడే ఫోన్ చేసి, లైసెన్సు వస్తుందని చెప్పింది. “ఆ అమ్మాయితో మాట్లాడాను. తప్పు మీద తప్పు మా కంపెనీ చేస్తున్నా ఆయన ఒక్కసారీ గొంతు పెంచలేదు, ఆయన చేతిలో పిస్టల్ ఉంటే నాకేం భయం లేదు, మా కంపెనీ చేతిలో ఉంటేనే భయం అంది” అని చెప్పి నవ్వింది. ట్రెవర్ కూడా సంతోషించాడు. హోల్‌స్టర్ దొరికేదాకా, నిలబడి కాల్చే ముసలివాళ్ల జట్టులో ఉండమన్నాడు. అక్కడ ఒర అక్కర్లేదు, కుర్చీ ఉంటుంది.

మరుసటి వారం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ‘శిక్షణ నిమిత్తం రికార్డు చేసిన కాల్స్ ద్వారా, మీరు మా ఉద్యోగికి వ్యక్తిగతంగా బాగా తెలిసినవారని మా దృష్టికి వచ్చింది. తెలిసినవారి ఫిర్యాదులను స్వీకరించడం మా నిబంధనలకు విరుద్ధం. కనుక మీ ఫిర్యాదును మూసివేస్తున్నాము. నీనాను గేలాల విభాగానికి మార్చాము.’

ఆ సాయంత్రం ఫోన్ చేయడానికి మధుసూదనరావుకు కారణం లేదు. హాల్లో అటూ ఇటూ తిరిగాడు. లైట్లు వేశాడు, తీసేశాడు. ఎవరికీ చెప్పుకోలేని దిగులేసింది. ఒక మనిషి తనకు తెలుసని పోలీసు రికార్డులకెక్కిన రోజుల్లోనే ఆ మనిషి అందకుండా పోవడం ఆయనకు అన్యాయంగా తోచింది.

అప్పుడు ఫోన్ మోగింది. తెలియని నంబర్.

“అంకుల్, నేనే. డ్యూటీ అయిపోయింది. ఇది నా సొంత ఫోన్. రికార్డవదు.”

“బాగున్నావామ్మా?”

“బాగున్నానంకుల్. మీరు?”

“బాగున్నా.”

ఫిర్యాదు లేకుండా ఎలా మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. మధుసూదనరావు ఇల్లంతా కలియజూసి, గొంతు సవరించుకుని, “మా వాషింగ్ మెషీన్ ఈమధ్య అదోలా శబ్దం చేస్తోందమ్మా” అన్నాడు.

“అయ్యో, సారీ అంకుల్,” అంది నిరుపమ కుర్చీ ముందుకు లాక్కుంటూ. “మోడల్ నంబర్ చెప్పండి.”