ఆ గాలం నర్సన్నది

ఆదివారం పొద్దున్నే జగిత్యాల వెళ్ళి, తన గాలం తాను తెచ్చుకొని, ఎండ ముదరకముందే కోరుట్లకు తిరిగొచ్చి ఉప్మా తినాలని నర్సన్న అనుకున్నాడు. ఇంతకన్నా చిన్న కోరిక మనిషికి ఉండదు. అదీ తీరనివ్వకపోతే కోపం రాకుండా ఎట్లా ఉంటుంది?

గాలం ఆయనదే. మస్కట్‌లో క్రేన్లకు గ్రీజు పెట్టి పెట్టి సగం ఆయుష్షు అరగదీసుకున్నాక, ఇంటిల్లిపాదికీ దుప్పట్లూ సెంటుసీసాలూ తెచ్చిన మనిషి తనకంటూ కొనుక్కున్నది ఆ ఒక్క గాలం కట్టె. లాగితే మనిషికి రెండింతలయ్యేది, నెడితే చేతిసంచిలో పట్టేది. దాన్ని జగిత్యాల స్నేహితుడు రాజలింగం ఒక్క ఆదివారానికని అడిగి తీసుకున్నాడు. తర్వాత అడిగినప్పుడల్లా రేపన్నాడు, మాపన్నాడు, చివరికి ఇవ్వకుండానే గుండె ఆగి చచ్చిపోయాడు. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు. నర్సన్నకు ఉంది. దహనం నాడు కూడా ఉంది.

"పోయినోని సామాన్ కోసం పొద్దుగాల్నే పోతున్నవా? జర సిగ్గనిపిస్తలేదా?" అంది భార్య రాజవ్వ.

"ఆని సామాన్ కాదే, నా సామాన్! సచ్చేటోడు ఇచ్చి సావద్దా?" అంటూ నర్సన్న బండి కిక్కు కొట్టాడు.

గాలం ఇప్పుడు చేపలు పట్టే దోస్తుల దగ్గరుందని విని నేరుగా అటే వెళ్ళాడు. జగిత్యాల దాటాక కాలువ గట్టు మీద గాలం దోస్తులంతా అప్పటికే చేరి ఉన్నారు. ఆదివారాలు చేపలు పట్టడం తప్ప వేరే పాపం ఎరగని మనుషులు. వాళ్ళకు పెద్ద సెల్‌ఫోన్ల దుకాణం సురేందర్. అందరూ ఒక సిమెంటు దిమ్మె ముందు చేతులు కట్టుకొని నిలబడ్డారు. దిమ్మె మీద రాజలింగం ఫోటో. ఎవరి పెళ్ళిలోనో బగారన్నం తింటుండగా దిగింది, పక్కవాళ్ళను కత్తిరించేశారు. తల వెనక సైకిల్ రిమ్ము, దాని చుట్టూ వేలాడుతున్న గాలపు ముళ్ళు. ముందు ఊదుబత్తులు, డబ్బాలో ఎర్రల నైవేద్యం, అంటే వానపాములు. పక్కనే పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి నిలబెట్టిన నర్సన్న గాలం.

"ఓం ఎర్రప్రియాయ నమః! ఓం తెగినదారాయ నమః! ఓం ఖాళీసంచీహస్తాయ నమః!" అని సురేందర్ చదువుతుంటే, మిగతావాళ్ళు నవ్వు ఆపుకొని పూలు వేస్తున్నారు.

"ఏందిరా గిది?" అన్నాడు నర్సన్న.

"గాలం స్వామి పూజన్నా. స్వామికి మొక్కంది ఎవ్వలం గాలం ఏస్తలేం. మొన్న మొక్కినం, మూడు బొచ్చె చేపలు పడ్డయ్."

"స్వామా? ఆడు స్వామా? పక్కోడు నిద్రవోతే ఆని డబ్బల ఎర్రలు గుంజుకునేటోడు! నాకు చేప పడ్డదంటే నీళ్ళల్ల రాళ్ళేసెటోడు!"

"గవే అన్నా లీలలు," అన్నాడు సురేందర్ భక్తిగా.

నర్సన్న ఒళ్ళు మండిపోయింది. ఎగబడి గాలం అందుకున్నాడు. "పూజల ఉన్నదన్నా, కడిగి ఇస్తం" అని సురేందర్ రెండో కొస పట్టుకున్నాడు. ఇటు గుంజితే అటు గుంజాడు. నర్సన్న కళ్ళు ఎర్రబడ్డాయి, జుట్టు రేగింది, మనిషి కాళ్ళ నుంచి తల దాకా ఊగిపోయాడు.

"నాది! నాది నాకియ్యి! ఇయ్యకుంటే ఒక్కన్ని ఇడ్వ!"

సరిగ్గా అప్పుడే నాట్లకు పోతున్న ఆడవాళ్ళ ఆటో గట్టు మీద ఆగింది. వాళ్ళ తప్పేమీ లేదు. ఆ ప్రాంతంలో దేవుడు ఒంటి మీదికి వచ్చిన మనిషి అట్లాగే ఊగుతాడు, అట్లాగే తిడతాడు, నాది నాకియ్యమనే అడుగుతాడు. పైగా ఎదురుగా ఫోటో, పసుపు, పొగ.

"ఓయమ్మో, శిగమచ్చిందే! కాళ్ళ మీద నీళ్ళు పొయ్యుండ్రి!" అని ఒకామె కేక పెట్టింది. తాగడానికి తెచ్చుకున్న సీసాలన్నీ నర్సన్న పాదాల మీద ఖాళీ అయ్యాయి.

"సామీ, నా కొడుకు దుబాయిల ఉన్నడు. నెలాయె, ఫోన్ జేస్తలేడు. ఎట్లున్నడో జెప్పు సామీ!"

"ఆడు జెయ్యకుంటే నువ్వు జెయ్యి! నా పానం ఎందుకు తింటవ్?" అని గర్జించాడు నర్సన్న.

ఆమె అక్కడికక్కడే ఫోన్ చేసింది. కొడుకు ఎత్తాడు. దూరదేశాల్లో ఉన్న కొడుకులందరూ చెప్పేదే చెప్పాడు: "గిప్పుడే జేద్దామనుకున్ననే అవ్వా!" ఆటో ఆటో అంతా చెంపలు వేసుకుంది.

ఇంత మహిమగల గాలం గట్టు మీద ఎండకెండకూడదని, ఫోటోలోని స్వామివారి ఇంటికే చేర్చాలని ఆడవాళ్ళు తీర్మానించి, దాన్ని ఆటోలో ఎక్కించారు. ఆపాల్సిన సురేందర్ ఆపకుండా వీడియో తీసి అందరికీ పంపాడు. దరిద్రుడు! వెనక బండి మీద "ఆపుండ్రి! నాది!" అని అరుస్తూ వస్తున్న నర్సన్నను చూసి దారి పొడుగునా జనం పక్కకు జరిగి దండాలు పెట్టారు.

మధ్యాహ్నానికి రాజలింగం ఇంటి ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేదు. గాలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఇక లాభం లేదని నర్సన్న అరుగెక్కి నిజం చెప్పేశాడు.

"ఇనుండ్రి! ఆడు దేవుడు గాదు! నోరు తెరిస్తే అబద్ధం! ఇచ్చిన వస్తువు తిరిగిచ్చిన పాపాన పోలేదు! మీకసలు బుద్ధున్నదా? పనుల్లేవా మీకు?"

"తిట్టిచ్చుకుంటే మంచిగైతదట," అని జనం వరుస కట్టారు. ఒకాయన జ్వరంతో ఉన్న మనవణ్ణి ముందుకు తోసి, వీణ్ణి గూడ జర గట్టిగ తిట్టమన్నాడు.

ఇంతలో వీడియో చూసి సిరిసిల్ల నుంచి బండేసుకొని వచ్చిన రమణ ముందుకొచ్చాడు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఆసామి, మానేరు మీద గాలం వేసేవాడు.

"నర్సన్న జెప్పేది నిజం. రాజలింగం ఉత్త దొంగ. మా దగ్గరికొచ్చి ఎర్రల డబ్బ ఎత్కవోయిండు. గసొంటోనికి దండలేంది?"

పొద్దుటి నుంచి నర్సన్నకు దొరికిన ఒకే ఒక్క సాక్షి. నర్సన్న అరుగు దిగొచ్చి ఆ సాక్షి కాలర్ పట్టుకున్నాడు.

"ఎవన్ని దొంగంటున్నవ్‌రా?"

"నువ్వే అన్నవ్ గదన్నా!"

"నేనంట! ఆని పక్కన కూసున్నోణ్ణి, నేనంట! నువ్వెవనివి అనెటందుకు? గా లంగోడు ఆదివారం కలుద్దామన్నడు. శనివారం సచ్చిండు. నాకొక్క మాట జెప్పిండా?" నర్సన్న ఇంకో తిట్టు వెతికి, దొరక్క కాలర్ వదిలేశాడు. రమణ కాలర్ సర్దుకోకుండా అట్లాగే నిలబడ్డాడు.

లోపలి నుంచి రాజలింగం భార్య వసంత వచ్చింది. "ఇగ అందరు పోండ్రి. ఇది గుడి గాదు, మా ఇల్లు," అంది. సురేందర్ తల వంచుకొని జనాన్ని సాగనంపాడు. ఆమె కొంగుతో పసుపంతా తుడిచి, గాలం నర్సన్న చేతిలో పెట్టింది.

"నీదే అన్నా, తీస్కపో. ఆయన కావాల్ననే ఇయ్యలేదు. ఇస్తే నర్సన్న కోరుట్లల్నే పడ్డుంటడు, ఇటు రాడు అనెటోడు."

నర్సన్న గాలానికి అంటుకున్న బంతిపూల రేకును గోటితో గీకేశాడు.

"ఆయన పోయినంక అచ్చినోళ్ళంత గుసగుస మాట్లాడుతున్నరు. గీ ఇంట్ల గట్టిగ ఒర్రినోడు లేడు. ఇయ్యాల్నే జర ఇల్లులెక్క అనిపిచ్చిందన్నా."

నర్సన్న గాలాన్ని ముక్కా ముక్కా లోపలికి నెట్టి, తలుపు వెనక మూలకు ఆనించాడు.

"ఇప్పుడొద్దు చెల్లె. వచ్చే ఆదివారం అచ్చి తీస్కపోత. ఇయ్యకుంటే మంచిగుండదు, ముందే జెప్తున్న!"

"అప్పుడు గూడ ఇయ్య," అంది వసంత.

"ఎట్లియ్యవో నేను జూస్త!"

తర్వాతి ఆదివారం ఆమె ఇవ్వలేదు. నర్సన్న మండిపడి, రెండు కప్పుల చాయ్ తాగి, కోరుట్ల వెళ్ళిపోయాడు.