గోడకు ఇస్త్రీ

మగన్‌భాయికి జిగురు గురించి ఏమీ తెలియదు. పద్దెనిమిదేళ్ల కిందట గుజరాత్‌లో వాపి ఊళ్లోని టేపు కార్ఖానాలో మూడు వందల టేపు చుట్టలు ముద్దకట్టి పాడైపోయింది అతని వల్లే. డాహ్యాభాయి జిగురు ఆరబెట్టే పొయ్యి దగ్గర ఉండేవాడు. మగన్‌భాయి పొయ్యి దాటి వచ్చిన టేపును చల్లబరిచే రోలరు దగ్గర ఉండేవాడు. టేపు చల్లారకుండానే చుట్టుకుంది. పొయ్యి మరీ కాలిందని మగన్‌భాయి ఇప్పటికీ అంటాడు. ఇద్దరూ రిటైరయ్యారు. ఇళ్లు మాత్రం ఎదురెదురుగానే ఉన్నాయి.

ఆ జనవరి ఉదయం డాహ్యాభాయికి ఒక్కటే పని. భార్య సవితాబెన్ పోయి నాలుగేళ్లు. సాయంత్రం భజన ఉంది. మధ్యాహ్నానికి మరదలు జసుబెన్ వస్తుంది. కుర్చీలో ఆనించిన ఫొటో చూసి, "మా అక్కకి ఈ ఇంట్లో గోడ మీద జానెడు చోటు లేదా బావగారూ?" అని ఏటా పదిమంది ముందు అడుగుతుంది. ఈసారి ఆ మాట పడకూడదు. ఆవిడ వచ్చేలోగా ఫొటో గోడకెక్కాలి.

మేకు కొట్టే ప్రసక్తి లేదు. ముప్పై ఏళ్లు టేపు చేసినవాడు మేకు కొడితే నలుగురూ నవ్వుతారు. రెండువైపులా అంటుకునే టేపు నాలుగు పట్టీలు ఫ్రేము వెనక వేసి, కార్ఖానా అలవాటు కొద్దీ బొటనవేలితో నొక్కి చూశాడు. పట్టు బాగుంది. గోడే చల్లగా ఉంది. చల్లటి గోడను జిగురు పట్టుకోదు. ఎందుకో చెప్పకుండా మగన్‌భాయి ఇంట్లో ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చాడు.

పావుగంటకు మగన్‌భాయి టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావురా?"

"కనపడట్లేదా?"

"గోడకి ఇస్త్రీ చేస్తున్నావు. మడతలెక్కడున్నాయా అని చూస్తున్నా."

"గోడ వెచ్చబడాలి. నీకు తెలీదులే."

"వెచ్చబడ్డాక కాస్త చల్లారాలి కూడా. ఇప్పుడే పెడితే జారుద్ది. ఆగు."

"నువ్వు చెప్తే నేను ఆగాలా?" అంటూ డాహ్యాభాయి ఫ్రేమెత్తి, మగన్‌భాయి మొహంలోకే చూస్తూ గోడకేసి గట్టిగా నొక్కాడు. గోడవైపు చూడవలసింది.

సవితాబెన్ కుడివైపు ఒరిగి అతుక్కుంది, పక్కింట్లో గొడవ వింటున్నట్టుగా.

"వదినమ్మ అచ్చం ఇలాగే ఉండేది," అన్నాడు మగన్‌భాయి.

"నోర్ముయ్. తీసి మళ్లీ పెడతా. వేడి చేస్తే జిగురు మెత్తబడి వచ్చేస్తుంది."

"మెత్తబడితే సాగుద్ది, రాదు. బాగా చల్లబెట్టు. పెళుసెక్కి టక్కున ఊడుద్ది."

అతను ఇంటికెళ్లి ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన బఠానీల సంచి తెచ్చాడు. "మా ఆవిడ ఉంధియూ కూరలోకి దాచుకుంది. పావుగంటలో తిరిగివ్వాలి."

డాహ్యాభాయి ఎడమవైపు ఇస్త్రీపెట్టె ఆనించాడు. మగన్‌భాయి కుడివైపు బఠానీలు అదిమాడు. ఎవరి వైపు ముందు ఊడితే వాడిదే గెలుపు. ఎడమవైపు మెత్తబడి అంగుళం జారింది. కుడివైపు బిగుసుకుంది. తరువాత టప్‌మని శబ్దం వచ్చింది. ఒకవైపు వేడి, ఒకవైపు చలి తగిలిన గాజు, సవితాబెన్ బొట్టు మీదుగా రెండుగా చీలింది.

"బఠానీలు తియ్యి."

"ముందు నువ్వు పెట్టె తియ్యి."

ఇద్దరూ తియ్యలేదు. మెట్ల మీద జసుబెన్ చెప్పుల చప్పుడు వినపడింది. అప్పుడు ఇద్దరూ అన్నీ కింద పడేసి, ఫ్రేమును చెరోవైపు పట్టుకుని లాగారు.

వచ్చింది. దానితోపాటు మంచం అంత సిమెంటు పెచ్చు కూడా వచ్చింది. టేపు నాలుగు పట్టీలూ ఆ పెచ్చును చెక్కుచెదరకుండా పట్టుకునే ఉన్నాయి. ఉదయం నుంచి ఇద్దరూ జిగురునే పరీక్షించారు. గోడను ఎవరూ పరీక్షించలేదు.

జసుబెన్ బంతిపూల సంచితో గుమ్మంలో ఆగింది. బయటపడిన ఇటుకలను, సంచి చిరిగి నేలంతా దొర్లుతున్న బఠానీలను, చీలిన అక్కను వరసగా చూసింది.

"ఎవరు చేశారిది?"

డాహ్యాభాయి ముందు తేరుకున్నాడు. "అంతా మగన్ చల్లదనం మహిమే. నా వేడి ఏపాటిది? జిగురు సంగతి అతనికి తెలిసినంత నాకు తెలీదు."

మగన్‌భాయి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "వినయం కొద్దీ అంటున్నాడు బెన్. జిగురు తెలిసినవాడంటే వాపి మొత్తానికీ ఇతనే. నేనెంత? నాకు ఒక్క ముక్క రాదు. ఒట్టు."

పద్దెనిమిదేళ్లుగా డాహ్యాభాయి వినాలనుకున్న మాట అది. సాక్షి కూడా ఎదురుగా ఉంది.

"అబద్ధం," అన్నాడు డాహ్యాభాయి.

జసుబెన్ ఫొటో మీది సిమెంటు దుమ్ము దులిపి, కుర్చీ లాగి దాంట్లో ఆనించింది. "మా అక్కకి ఇదే నయం బావగారూ. ఇక చోటు మార్చకండి."

ఆ గోడ గురించి డాహ్యాభాయి ఇక ఎవరితోనూ మాట్లాడడు. ఏమైందని తాపీమేస్త్రీ అడిగినా మాట్లాడలేదు. అందుకే అది ఇంకా అలాగే ఉంది.