కట్టగట్టుకుని ఆడే ఆట

ఆదివారం సాయంత్రాలు పళ్ళ డాక్టరుగారి ముందుగదిలో జరిగేది పోటీ కాదనీ, ఉత్త సరదా మాత్రమేననీ భవన సంక్షేమ సంఘం మరోసారి స్పష్టం చేసింది. ఇలా స్పష్టం చేయవలసిన అవసరం ఎందుకొచ్చిందంటే, కిందటి ఆదివారం సరదా కాస్త ఎక్కువై బీమా ఏజెంటు కళ్ళజోడు విరిగింది.

సంఘమంటే ఏదో అనుకునేరు. ఒక బల్ల, దాని చుట్టూ నాలుగు కుర్చీలు. ఒకదాంట్లో అధ్యక్షుడైన పళ్ళ డాక్టరు, ఒకదాంట్లో కార్యదర్శి అయిన బీమా ఏజెంటు, ఒకదాంట్లో ఆసుపత్రి ఉద్యోగం చేసి రిటైరైన సిస్టరమ్మ. నాలుగోది మూడో అంతస్తు బస్సు డ్రైవరుది. పూర్వం వీళ్ళు మీటింగులు పెట్టుకుని భవనం వ్యవహారాలు తేల్చేవారు. మీటింగన్నాక మాటా మాటా వస్తుంది. మాటలు రాకుండా ఉండేందుకు మీటింగులే ఎత్తేసి, కార్డుల ఆటలో ఎవరు గెలిస్తే ఆ వారం వాళ్ళ మాటే చెల్లాలని తీర్మానించారు. నీళ్ళ మోటారు ఎప్పుడు వెయ్యాలి, మెట్ల మీద మాడిపోయిన బల్బు ఎవరు మార్చాలి, డాబా మీద ఎవరి బట్టలు ఏ తీగ మీద ఆరాలి లాంటి విషయాలన్నీ ఇప్పుడు మూడు తలల డ్రాగన్లు తేలుస్తున్నాయి. ప్రజాస్వామ్యం ఇంతకంటే ముందుకు పోయిన చోటు ఇంకెక్కడైనా ఉంటే సంఘానికి తెలియజేయగలరు.

ఇస్పేటు రాణులూ ఆటీను రాజులూ ఉండే పేక కాదిది. బొమ్మల కార్డులు. ఎవరికి వాళ్ళు కొనుక్కుని, ఇచ్చిపుచ్చుకుని, తమ కట్ట తామే కట్టుకుని తెచ్చుకోవాలి. ప్రతివాళ్ళకూ కొన్ని ప్రాణాలుంటాయి. తమ కట్టలోని జీవాల్ని ఎవరి మీదికైనా ఉసిగొల్పవచ్చు. చివరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. అయితే నలుగురిలో ఒకరు బలవంతులని తేలిందా, మిగతా ముగ్గురూ కట్టగట్టుకుని మీద పడతారు. అందుచేత ఈ ఆటలో కట్ట కట్టడం చిన్న విద్య. అందులో ఏమీ లేదని నమ్మించడం పెద్ద విద్య.

ఆటకు ముందు ఒకరినొకరు మర్యాదగా అడుగుతారు, మీ కట్ట ఎలాంటిదని. దానికి జవాబు ఒకటే: ఓ మోస్తరు.

డాక్టరుగారి కార్డులు ఓడల మీద వచ్చినవి. ఊపిరి తగిలితే పాడవుతాయని ఒక్కోదానికీ ఒక్కో ప్లాస్టిక్ చొక్కా తొడిగారు. అది ఓ మోస్తరు కట్ట. బీమా ఏజెంటు కట్ట మిగతావాళ్ళు కుర్చీలో సర్దుకునేలోగా ముగ్గురినీ చంపేస్తుంది. అదీ ఓ మోస్తరే. సిస్టరమ్మ అయితే ఎప్పుడూ, "నాకు కళ్ళు ఆనవు నాయనా, ఇందులో ఏం రాశాడో చదివిపెట్టు" అని కార్డు పక్కవాడి చేతికిస్తుంది. వాడు చదవడం పూర్తిచేసేసరికి తను చచ్చిపోయానని తెలుసుకుంటాడు. ఓ మోస్తరును మించిన కట్ట ఆ భవనంలో పుట్టలేదు. అంతకంటే తక్కువది కూడా పుట్టలేదు, మూడో అంతస్తు పాప తల్లి వచ్చి కూర్చునేవరకూ.

పాప తల్లి అంటే బస్సు డ్రైవరు భార్య. అతనికి ఆదివారాలు డ్యూటీ పడుతోంది. కుర్చీ ఖాళీగా ఉంటే సంఘానికి కోరం చాలదన్నారు. అదీగాక ఆమెకు ఓ అవసరం ఉంది. భవనానికి లిఫ్టు లేదు. పాపకు బండి ఉంది. బజారు నుంచి వచ్చిన ప్రతిసారీ మెట్ల దగ్గర నిలబడి ఆమె ఒకటే లెక్క తెగక సతమతమయ్యేది. పాపను కింద ఉంచి బండి పైకి మోస్తే కింద పాపకేమవుతుందో. పాపను పైన వదిలి బండికోసం దిగితే పైన పాపకేమవుతుందో. రెండూ ఒకేసారి మోస్తే ముగ్గురికీ కలిపి ఏమవుతుందో. మొన్న మలుపు దగ్గర కాలు జారి, బండి చక్రం రెయిలింగులో ఇరుక్కోబట్టి నిలిచింది గానీ, లేకపోతేనా అన్న మాట తలుచుకుంటే ఆమెకు అన్నం సయించడం లేదు.

మెట్ల కింద ఒక గది ఉంది. అందులో డాక్టరుగారి విరిగిన పళ్ళ కుర్చీ, ఏజెంటు దగ్గర మిగిలిపోయిన పాత సంవత్సరాల క్యాలెండర్లు, సిస్టరమ్మ తిరగని కుట్టుమిషను క్షేమంగా ఉన్నాయి. ఆ గదిలో బండి పట్టేంత చోటు కావాలి. అడిగితే, దానికేం భాగ్యం, వచ్చి ఆడి గెలుచుకోమన్నారు.

మొగుడు తన కట్టను బస్సులోకి పట్టుకెళ్ళాడు, దారిలో సిగ్నలు దగ్గర ఎవరైనా ఆడదామంటే పనికొస్తుందని. ఇంట్లో మిగిలినవి అతను పనికిరావని పక్కన పడేసినవి. వాటిలోంచి ఆమె తన కట్ట కట్టుకుంది. ఏరడానికి ఒకటే పద్ధతి. కార్డు పాపకు చూపించేది. పాప జడుసుకుంటే తీసేసేది, నవ్వితే ఉంచేది. అలా కోరలున్నవీ కొమ్ములున్నవీ నిప్పులు కక్కేవీ అన్నీ పోగా, గొర్రెలు మిగిలాయి. నాలుగు కోళ్ళు, ఒక మబ్బు, స్వెటరు అల్లుతున్న ముసలమ్మ కూడా మిగిలాయి.

మొదటి ఆదివారం డాక్టరుగారు మామూలుగా అడిగారు, ఆమె కట్ట ఎలాంటిదని.

"నా దగ్గర ఏమీ లేదండీ, గొర్రెలు" అంది పాప తల్లి, ఉన్నమాట.

ఓ మోస్తరు అనకుండా ఏమీ లేదన్న మనిషిని ఆ బల్ల అంతవరకూ ఎరగదు. ఓ మోస్తరు అన్నవాళ్ళ దగ్గరే మూడు తలల డ్రాగన్లుంటే, ఏమీ లేదన్న మనిషి దగ్గర ఎన్ని తలలుండాలి? ఏజెంటు కళ్ళజోడుకు చుట్టిన టేపు సవరించుకున్నాడు. ఆమె మొదటి గొర్రెను బల్ల మీద పెట్టగానే ముగ్గురూ వంగి దాన్ని అటూ ఇటూ పరిశీలించారు. గొర్రెలో ఏమీ కనపడలేదు. ఏమీ కనపడకపోవడంతో అనుమానం రుజువైంది.

వెంటనే త్రైపాక్షిక ఒప్పందం కుదిరింది. ఏజెంటు దాన్ని నోటిమాటగానే చెప్పాడు గానీ, చివర్లో షరతులు వర్తిస్తాయని ఎంత వేగంగా గొణిగాడంటే అది సంతకం చేసినదానికిందే లెక్క. ఆ తర్వాత జరిగినదాన్ని యుద్ధం అనడానికి వీల్లేదు. డ్రాగన్లు గొర్రెల మీద పడ్డాయి. స్వెటరు అల్లే ముసలమ్మను సముద్రపు రాక్షసి మింగింది. సిస్టరమ్మ తన వంతు రాగానే, "నేను ఎవర్నీ ఏమీ అననమ్మా, ఇదేదో దానంతటదే వెళుతోంది" అంటూ మిగిలిన ప్రాణాలు తీసేసింది.

అధ్యక్షులవారు లేచి నిలబడి ఓదార్పు ప్రసంగం చేశారు. "ఇది వ్యక్తిగతంగా తీసుకోకూడదు తల్లీ. మేం నిన్ను కొట్టలేదు. బల్ల నిన్ను కొట్టింది. నోరు ఆరోగ్యంగా ఉండాలంటే ఒక పన్ను పీకక తప్పదు. పీకించుకున్న పన్నును కూడా మేం గౌరవిస్తాం. అయినా ఇదంతా సరదాకే కదా."

ఆ వారం ఏజెంటు గెలిచాడు. భవనం ముందు భాగం విశాలంగా కనిపించాలని అతని తీర్మానం. దాని ప్రకారం, కాలు జారినప్పట్నుంచీ ఆమె మెట్ల దగ్గరే వదిలేస్తున్న పాప బండిని బయట పెట్టారు. రాత్రికి వాన పడింది. ఇందులో వానకు తప్ప ఎవరికీ సంబంధం లేదు.

మొగుడు డ్యూటీ దిగి వచ్చాక, తడిసిన బండి మెత్తను పిండి తీగ మీద ఆరవేస్తూ జరిగిందంతా చెప్పింది. అతను చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు.

"ఏమీ లేదని చెప్పావా? నిజంగా?"

"లేదు కాబట్టి లేదన్నా."

"ఆ బల్ల మీద నిజం ఎవరు చెప్పారే ఇంతవరకూ? వాళ్ళు హడలిపోరూ?"

"మరేం చెప్పాలి?"

"ఏదో ఒకటి. నిజం కాకుండా."

అది ఆమెకు చేతకాని పని. చదువు మధ్యలో ఆగిపోవడం వల్ల అబద్ధాలాడే పై తరగతులదాకా ఆమె వెళ్ళలేదు. వారమంతా అదే బెంగ. శుక్రవారం నాడు, ఆరిన బట్టలు మడతపెడుతుంటే పాప బుద్ధిగా, చడీ చప్పుడూ లేకుండా కూర్చుంది. పిల్లలు బుద్ధిగా కూర్చుంటే తల్లులకు గుండె జారుతుంది. చూస్తే మొగుడి యూనిఫాం చొక్కాకు ఒక బొత్తాం లేదు.

"ఏముంది చేతిలో?" అంది.

పాప పిడికిలి బిగించి, కళ్ళింత చేసుకుని, "లేదు" అంది.

పాపకు వచ్చిన మాటలే నాలుగు. అందులో ఒకటి లేదు. చేతిలో ఏమన్నా ఉన్నప్పుడే అంటుంది. ఖాళీగా ఉంటే అడక్కుండానే రెండు చేతులూ చాపి చూపిస్తుంది. పిడికిలి విప్పదీసి, బొత్తాం లాక్కుని, అది గొంతులో అడ్డం పడి ఉంటే ఏమయ్యేదో అని కాసేపు ఏడ్చి, ఆ ఏడుపు మధ్యలో పాప తల్లి ఠక్కున ఆగింది. డాక్టరుగారు, ఏజెంటు, సిస్టరమ్మ వరసగా పిడికిళ్ళు బిగించుకుని ఆమె కళ్ళముందు కూర్చున్నారు.

ఆదివారం మళ్ళీ అవే గొర్రెలతో వెళ్ళింది. డాక్టరుగారు అడక్కముందే చెప్పేసింది.

"నా కట్ట చాలా బలమైందండీ. మీ ముగ్గుర్నీ ఇవాళ చిత్తుగా ఓడిస్తా."

ముగ్గురి మొహాలూ వికసించాయి. పాపం అంది సిస్టరమ్మ. ఏజెంటు ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఇంత బాహాటంగా బలముందని చెప్పుకునే మనిషి దగ్గర ఏముంటుంది, అమాయకురాలు, దాన్ని కొట్టడానికి చేతులెలా వస్తాయి అనుకుని, ఆమెను పక్కనపెట్టి, పాత స్నేహితుల్లా ఒకరి పీక ఒకరు పట్టుకున్నారు.

ఏజెంటు డాక్టరుగారితో సంధి చేసుకుని, సంధిలోని మినహాయింపు కింద ఆయన డ్రాగన్‌ను నరికేశాడు. డాక్టరుగారు చచ్చేముందు, తన కట్ట ఓ మోస్తరుది కాబట్టే ఇలా జరిగిందని వాంగ్మూలమిచ్చారు. సిస్టరమ్మ ఒక కార్డు తీసి చదివిపెట్టమంది. ఏజెంటు చదివాడు. చదవడం అయ్యేసరికి అతనూ పోయాడు, అయితే పోతూ పోతూ సిస్టరమ్మకు ఒక్క ప్రాణం తప్ప మిగలనివ్వలేదు. ఆవిడ రాక్షసులన్నీ అలిసి పడుకున్నాయి. ఇక గెలిచినట్టేనని ఆవిడ కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంటోంది.

పాప తల్లి ఒక కార్డును వేలితో ముందుకు జరిపింది.

సిస్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఈ గొర్రె ఎప్పుడొచ్చిందే?"

"మొదట్నుంచీ ఇక్కడే ఉందండీ, సిస్టరమ్మగారూ."

మెట్ల కింది గది తాళంచెవి ఆమె చేతికొచ్చింది. మోసం జరిగిందని ముగ్గురూ బాధపడ్డారు. బలముందని చెప్పి నిజంగానే గెలవడం బల్ల మర్యాద కాదన్నారు. అయితే ఆమెను సంఘంలో శాశ్వత సభ్యురాలిగా తీసుకోవడానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పాప ఇప్పుడు మెట్లు తనే ఎక్కుతోంది. బండితో పని లేదు. అయినా బండి గదిలోనే ఉంది, ఎప్పటికైనా పనికొస్తుందని. దాని మీద పాప ఊయల, ఊయల మీద అట్టపెట్టెలు, పెట్టెల్లో పొట్టివైపోయిన గౌన్లు ఉన్నాయి. పళ్ళ కుర్చీకీ కుట్టుమిషనుకూ కూడా మునుపటికంటే మంచి తోడు దొరికింది. ఆదివారం పాప తల్లిని కట్ట ఎలాంటిదని అడిగితే, ఓ మోస్తరు అంటుంది.

మొన్న పై అంతస్తులోకి కొత్తగా ఒక అమ్మాయి దిగింది. చంకలో పసిగుడ్డు, రెండో చేత్తో బండి, భుజాన సంచీ. మెట్ల దగ్గర ఆగి, ఆయాసం తీర్చుకుంటూ, "అక్కా, ఆ గదిలో కాస్త చోటిస్తారా? మాకు సామానేం లేదు. నా దగ్గర ఏమీ లేదక్కా, ఈ బండి తప్ప" అంది.

పాప తల్లి ఆమెను ఎగాదిగా చూసింది. ఏమీ లేదంటోంది. ఎంత ఉందో!

చెయ్యి తెరిచి చూపించమంది. ఆ అమ్మాయి తెల్లబోయి, బండి వదిలి, చెయ్యి తెరిచింది. అందులో ఏమీ లేదు. అయితే పసిబిడ్డను పట్టుకున్న చేతిలో ఉండి ఉంటుంది అనుకుంది పాప తల్లి. దానికేం భాగ్యం, ఆదివారం వచ్చి ఆడి గెలుచుకోమని నవ్వుతూ చెప్పింది. ఆ తర్వాత పైకి వెళ్ళి, సంఘాన్ని కాస్త జాగ్రత్తగా ఉండమని హెచ్చరించింది.

ఆదివారం బల్ల చుట్టూ ఐదో కుర్చీ వేస్తున్నారు. ఇంకొకటి వెయ్యడానికి కూడా చోటుంది. ఇదంతా చదివి, ఆ నలుగురినీ చూసి నవ్వుకున్న మీరు కూడా దయచేయవచ్చు. మీ కట్ట ఎలాంటిదని ఎవరూ అడగరు. మీదీ ఓ మోస్తరే అయి ఉంటుంది.